ఏడున్నర దాటితే చాలు

జూన్ 8, ఆదివారం

మా ఆవిడ వెళ్ళిపోయింది. పెద్ద పెట్టె తీసుకెళ్ళింది, దాంతోపాటు తన దిండు కూడా తీసుకెళ్ళింది. దిండు పట్టుకెళ్ళిన మనిషి రెండు రోజుల్లో తిరిగొచ్చే రకం కాదు.

నిన్న సాయంత్రం క్లినిక్‌లో రిపోర్టు కోసం కూర్చున్నాం. ఆమెకు రొమ్ములో గడ్డ కనిపిస్తే ముక్క తీసి పరీక్షకు పంపారు. పంపిన దగ్గర్నుంచీ ఇంట్లో ఇద్దరం గట్టిగా మాట్లాడుకోను కూడా లేదు. డాక్టరు లోపల ఇంకెవరితోనో ఉన్నాడు. ఏడు దాటింది. నేను గోడ గడియారం చూశాను. ఆమె నన్ను చూసింది. "ఇప్పుడే వస్తా" అని లేచాను. లాటరీ కౌంటరు రెండు వీధుల అవతలే. ఏడున్నరకు అమ్మకం ఆపేస్తారు, ఎనిమిదిన్నరకు డ్రా తీస్తారు. శనివారం శనివారం ఇదే తంతు. పదకొండేళ్ళలో నేను ఒక్క శనివారం తప్పలేదు.

తిరిగొచ్చేసరికి క్లినిక్ మెట్ల మీద నిలబడి ఉంది.

"ఏమన్నాడు?"

"ఏమీ లేదట."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఇవాళ పొద్దున పెట్టె సర్దుకుంటూ అంది: "చెడ్డ వార్తయితే క్షమించేదాన్నేమో. మంచి వార్త విని ఇటు తిరిగితే ఖాళీ కుర్చీ కనబడింది."

మంచి వార్తేగా, కుర్చీదేముంది అన్నాను. అనకుండా ఉండాల్సింది.

వాళ్ళన్నయ్య ఇంటికెళ్ళింది. గుమ్మంలో నిలబడి షరతు పెట్టింది. ఈ నెలా వచ్చే నెలా ఒక్క టికెట్టు కూడా కొనకూడదు. "మానేశావని నాకు నమ్మకం కుదిరితే వస్తా. కుదరకపోతే నువ్వూ నీ ఆరు నెంబర్లూ కాపురం చేసుకోండి."

నిన్నటి టికెట్టుకు ఆరింట్లో ఒక్కటీ తగల్లేదు.

జూన్ 10, మంగళవారం

హాయిగా నిద్ర పట్టింది. మానేయడం కష్టమని ఎవరన్నారో గానీ, ఉత్త మాట.

జూన్ 12, గురువారం

నేను చేసేది ఆల్టరేషన్ పని. రెడీమేడ్ బట్టల కొట్లో వెనక గది నాది. కొన్నవాళ్ళ పాంట్లు కింద మడతేసి కుడతాను, నడుములు వదులు చేస్తాను. జనానికి వాళ్ళ నడుము కొలత ఎప్పుడూ తెలీదు. పెళ్ళినాటి కొలత చెబుతారు. పిన్నులు నోట్లో ఉంటాయి కాబట్టి నేను ఏమీ అనను.

ఇవాళ కుట్టు వేస్తుంటే ఎప్పటిదో ఒకటి మళ్ళీ తట్టింది. టికెట్టు కొనకపోవడం నాకేం కష్టం కాదు. కొనకపోతే చేతిలో నాలుగు రాళ్ళు మిగులుతాయి. నా భయం వేరు. ఆ ఆరు నెంబర్లూ మేమిద్దరం పెళ్ళైన కొత్తలో కూర్చుని వేసుకున్నవి. ఆమె పుట్టినరోజు, నా పుట్టినరోజు, మొదట అద్దెకున్న గది నెంబరు, ఆమె చెప్పుల సైజు, మిగతా రెండూ నవ్వుకుంటూ చెరొకటి వేసినవి. పదకొండేళ్ళు పట్టుకుని వేలాడినవి, వదిలేసిన వారమే వస్తే? వేరే వేరే నెంబర్లు వేసేవాడికి ఈ బాధ ఉండదు. వాడు మానేస్తే మానేసినట్టే. మాకు మాత్రం ఆ ఆరూ గుండెల మీద పచ్చబొట్టు పొడిచినట్టు ఉండిపోయాయి.

ఇది ఆమెకు చెప్పాను ఒకసారి. "ఆలు లేదు, చూలు లేదు" అని నవ్వింది.

జూన్ 14, శనివారం

మొదటి శనివారం. కొట్టు నుంచి తిన్నగా ఇంటికే బయలుదేరాను. కౌంటరు దారిలోనే ఉంది. అంటే ఆ దారిన వెళ్తే దారిలోనే ఉంటుంది.

కొనడానికి కాదు, ఊరికే చూడ్డానికి నిలబడ్డాను. ఎదురుగా గోడకానుకుని. ఏడుంపావు నుంచి అసలు జనం మొదలవుతారు. ముందుగా కొన్న టికెట్టు చల్లారిపోతుందని మా అందరి నమ్మకం. ఎవడు మొదలుపెట్టాడో తెలీదు, నేను మాత్రం పదకొండేళ్ళలో ఆ చివరి పావుగంటలో తప్ప కొన్నది లేదు. మా ఆవిడ బేకరీలో పనిచేస్తుంది. "బన్ను చల్లారుతుంది గానీ కాగితం చల్లారుతుందా?" అనేది.

ఇవాళ రిటైరైన లెక్కల మాస్టారూ, పళ్ళ డాక్టరు దగ్గర కాంపౌండరూ ఇద్దరే మిగిలారు. ఇద్దరికీ ఆఖరి టికెట్టు తనదే కావాలి.

"ముందు మీరు కానివ్వండి మాస్టారూ."

"అబ్బే, నువ్వు పనిమీద వచ్చినవాడివి. నాకేం తొందర, కానీ నాయనా."

"పెద్దవారు, మీ తరవాతే నేను."

ఒకరి భుజం ఒకరు నెట్టుకుంటూ మర్యాదలు. చూసేవాళ్ళకు పెళ్ళివారి పంక్తిలా ఉంటుంది. ఈలోగా ఏడున్నరైంది. మిషను తనంతట తానే ఆగిపోతుంది, ఇక కౌంటరమ్మ చేతిలో ఏమీ లేదు. ఆవిడ కిటికీ దించుతూ, "అయిపోయింది. మిగతా మర్యాదలు ఇంటికెళ్ళి చేసుకోండి" అంది. మాస్టారు కాంపౌండరును కొట్టబోయాడు.

నేను పగలబడి నవ్వాను. కిటికీ దిగగానే నా ఒంట్లో ఏదో బరువు దిగింది. ఇక కొందామన్నా కుదరదు. ఏడున్నర దాటితే చాలు, వచ్చే శనివారం దాకా నేను బుద్ధిమంతుణ్ణి.

కానీ ఆ తరవాత గంట ఉందే, అది ఇంతకు ముందు నాకు తెలీదు. టికెట్టు ఉన్నప్పుడు ఆ గంట ఎంత హాయిగా ఉండేదో! టీ తాగేవాణ్ణి, ఇల్లు కట్టేవాణ్ణి, మేడ కూడా వేసేవాణ్ణి. ఇవాళ కాలు ఒక చోట నిలవలేదు. టీకొట్టు టీవీ ముందు నిలబడి, తాగకుండానే టీ చల్లార్చేశాను. మొదట తీసిన నెంబరు మాదే. ఆమె పుట్టినరోజు. తరవాత ఐదూ వేరేవి.

నా నెంబర్లు రాకూడదని మొక్కుకుంటూ డ్రా చూడటం జీవితంలో ఇదే మొదలు.

జూన్ 15, ఆదివారం

ఫోన్ చేసింది.

"కొన్నావా?"

"లేదు."

"నిజంగా?"

"నీ మీద ఒట్టు."

"నా మీదెందుకు, నీ మీద వేసుకో. డ్రా చూశావా?"

"చూడలేదు" అన్నాను. అబద్ధమే. మానేసినవాడు చూడకూడదు కదా.

"మొదటిది మనదేనట" అంది.

వాళ్ళన్నయ్య చెప్పుంటాడు. వాడికి ఇతరుల ఇంటి విషయాలంటే చెవులు చాటంత.

జూన్ 21, శనివారం

ఇవాళ తెలివైన పని చేశాను. ఏదో హోటలు వాళ్ళ యూనిఫారాలు మడతలు వేయాల్సినవి కుప్ప పడి ఉన్నాయి. సాయంత్రం ఓనరుతో, "నన్ను లోపల పెట్టి బయట తాళం వేసుకుని వెళ్ళండి, తొమ్మిదింటికి తీయండి" అన్నాను.

"ఏం టైలరూ, ఎవరితోనన్నా గొడవా?"

"నాతోనే."

ఓనరు నన్ను ఎగాదిగా చూశాడు. ఓవర్‌టైము అడుగుతానేమో అని భయం. అడగనన్నాక సంతోషంగా తాళం వేశాడు. పావు తక్కువ ఎనిమిది దాకా పరవాలేదు, వరసగా కుట్టాను. ఆ తరవాత ఒక పాంటుకు రెండు కాళ్ళూ కలిపి కుట్టేశాను. విప్పి మళ్ళీ కుట్టడానికి గంట పట్టింది.

మా నెంబర్లు రాలేదు. తాళం తీయగానే ఓనర్ని అడిగింది అదే, డ్రాలో ఏమొచ్చాయని.

జూన్ 22, ఆదివారం

ఆమె గొంతు నీరసంగా ఉంది. పని ఎక్కువట. "ఇంకో వారం గడిచింది" అన్నాను గర్వంగా. "ఊఁ" అంది.

జూన్ 28, శనివారం

లెక్కల మాస్టారు మధ్యాహ్నం కొట్టుకొచ్చాడు. పాంటు కోసం అన్నాడు గానీ చేతిలో పాంటు లేదు.

"ఏమయ్యా, కనిపించడం మానేశావు. మీ ఆవిడ ఆంక్ష పెట్టిందట కదా. నేను లెక్క ప్రకారం ఒక మాట చెబుతాను. నువ్వు కొనకూడదు, అంతే కదా షరతు. నీ నెంబర్లు నేను కొంటాను. వస్తే చెరి సగం. నువ్వు మాట తప్పినట్టూ కాదు, నెంబర్లు ఊరికే పోయినట్టూ కాదు."

ఎంత బాగుందో చూడండి, పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. నేను నోట్లో పిన్నులు పెట్టుకున్నాను, అవును అనకుండా ఉండటానికి. పిన్నులు తీశాక, "మాస్టారూ, మీరు ముప్పయ్యేళ్ళు పిల్లలకు చెప్పింది ఈ లెక్కలేనా?" అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్ళాడు.

ఈ ఒక్క మాట ఆమె విని ఉంటే ఇవాళే వచ్చేసేది. విననీ వినకపోనీ, నేను వద్దన్నాను. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

సాయంత్రం మళ్ళీ తాళం. పాంట్లన్నీ సరిగ్గానే వచ్చాయి.

జూలై 6, ఆదివారం

వాళ్ళన్నయ్య ఇంటికి వెళ్ళాను. వాళ్ళావిడ తలుపు తీసి, "రండన్నయ్యా" అంది, లోపలికి రావద్దన్నట్టు. మా ఆవిడ చిక్కింది. కళ్ళకింద నల్లబడింది. నేను ఇంత బాగుపడుతుంటే ఈమె ఎందుకిలా అవుతోందో అర్థం కాలేదు. మళ్ళీ ఆ గడ్డ సంగతేమో అనిపించింది. అడిగాను. అదేం లేదంది.

"నిన్న నాలుగో శనివారం. ఒక్కటి కూడా కొనలేదు. ఓనర్ని అడుగు, లోపల పెట్టి తాళం వేస్తున్నాడు."

"అడగక్కర్లేదు. నమ్ముతున్నాను."

"నమ్మకం కుదిరితే వస్తానన్నావు."

"కుదిరింది. ఇంకొన్నాళ్ళాగు."

"దేనికి?"

వాళ్ళన్నయ్య అందుకున్నాడు. "దానికి పనెక్కువ బావా. శనివారాలైతే ఎనిమిదిన్నర, తొమ్మిదింటికి గానీ ఇల్లు చేరదు." ఆమె వాడివైపు చూసిన చూపుకు వాడు నాలుక్కరుచుకున్నాడు.

దారంతా ఒళ్ళు మండింది. షరతు పెట్టింది తనే. నెరవేర్చింది నేను. మానేసినవాణ్ణి మానేసినట్టు చూడని వాళ్ళ కోసం మానేయడం ఎందుకు? కుక్కతోక వంకరని వాళ్ళ నమ్మకం. సరిచేసి చూపిస్తే, ఎంతసేపు నిలుస్తుందో చూద్దామంటారు.

జూలై 12, శనివారం

తాళం. మా నెంబర్లు రాలేదు.

జూలై 19, శనివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

తాళం వేయించుకోలేదు. ఈ శనివారం నేనే వెళ్ళి ఆమెను తీసుకొచ్చేద్దాం అనుకున్నాను. బతిమాలుదాం, అవసరమైతే అరుద్దాం, ఏదో ఒకటి తేలిపోవాలి. ఏడింటికి బేకరీకి వెళ్ళాను. ఓవెన్ దగ్గర పనిచేసే ఆవిడ నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

"మీరిక్కడున్నారేమిటి? శనివారం ఏడు కొట్టకముందే ఏప్రన్ విప్పి పరుగు పెడుతుంది కదా. మీ దగ్గరికే అనుకున్నాం. కొత్తగా పెళ్ళైనదానిలా ఏం ముచ్చటో అని నవ్వుకుంటున్నాం కూడా."

నాకో నీచమైన ఆలోచన వచ్చింది. దాచడం ఎందుకు, వచ్చింది. ఇప్పుడనిపిస్తోంది, అదే నిజమైనా బాగుండేదేమో, వాడెవడో ఒకణ్ణి తిట్టుకునేవాణ్ణి.

బయటికొచ్చి బస్టాపు వైపు నడిచాను. బస్టాపు వెనకాల ఇంకో లాటరీ కౌంటరు ఉంది. మా ఆవిడ వరసలో నిలబడి ఉంది. ఆమె ముందు ముగ్గురున్నారు.

"నువ్విక్కడేమిటి?" అంది నాతో. దొరికినవాళ్ళు అడిగే ప్రశ్న కాదది. నేను అడగాల్సింది.

"నిన్ను తీసుకెళ్దామని."

"ఐదు నిమిషాలాగు." ఎంత మామూలుగా అందో! పాలపాకెట్టు కోసం నిలబడినట్టు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వెళ్ళిన మొదటి వారం నుంచీ."

"నన్ను మానమని..."

"నిన్ను మాన్పించింది నేనే. మాన్పించిన తరవాత అవి వస్తే? నువ్వు నోరు తెరిచి ఏమీ అనవు. నాకు తెలుసు. అదే నా భయం. బతికున్నన్నాళ్ళూ పళ్ళెం ముందు కూర్చుని నావంక ఓ చూపు చూస్తావు. ఆ చూపు నేను పడలేను. నువ్వు మానేయాలి, నేను కొనాలి. అప్పుడు ఎవరి తప్పూ ఉండదు."

"అవే నెంబర్లా?"

"మరేం నెంబర్లు వేస్తాను?"

ముందు ఒకడు కొనేసి వెళ్ళాడు. ఇద్దరున్నారు. కౌంటరు పైన గడియారంలో ఏడూ ఇరవై నాలుగు. నాకు అన్నీ తెలుసు కదా, ఒక మనిషికి ఎంతసేపు పడుతుందో, ఎంతమందికి అందుతుందో. చెయ్యి పట్టుకుని లాగితే అరుస్తుంది. అందుకని వెనకనున్న ముసలాయనతో, "మీరు ముందు కానివ్వండి, పెద్దవారు" అన్నాను. ఆయన సంతోషంగా ముందుకెళ్ళాడు. తరవాత సంచీ పట్టుకున్న ఆవిణ్ణి, "బస్సు పోతుందేమో, మీరు రండమ్మా" అని పిలిచాను. ఇంకొకణ్ణి కూడా. పదకొండేళ్ళు ఆ వరసల్లో నేర్చుకున్న మర్యాదంతా ఇవాళ వాడాను.

మొదట ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నా గుండెల మీద పిడికిలితో కొట్టింది. ఆమె కౌంటరు ముందుకొచ్చేసరికి మిషను ఆగిపోయింది. లోపలున్నవాడు కిటికీ దించేశాడు.

"వస్తే నిన్ను చంపేస్తా" అంది.

"వస్తే నేనే చస్తాను" అన్నాను.

బస్టాపు బెంచీ మీద కూర్చున్నాం. ఆమె చేతిరుమాలు మెలితిప్పి మెలితిప్పి అంచు చింపేసింది. ఆ గంట అంటే ఏమిటో ఆమెకిదే మొదటిసారి. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. చాలాసేపటికి నావైపు చూడకుండా చెప్పింది.

"ఆ రోజు కుర్చీ ఖాళీ అని చెప్పాను చూడు. అది సగమే."

"మిగతా సగం?"

"ఏమీ లేదమ్మా, హాయిగా ఇంటికెళ్ళు అన్నాడు డాక్టరు. నాకు ముందు ఏమనిపించిందో తెలుసా? బతికాను అనిపించలేదు. ఇవాళ మన రోజు బాగుంది, నీకు టికెట్టు అందిందో లేదో అనిపించింది. గడియారం చూశాను. ఇంకా ఏడున్నర కాలేదు. హమ్మయ్య, అందుతుంది అనుకున్నాను. అప్పుడేసింది భయం. నీ మీద కోపంతో వెళ్ళలేదు నేను. నా మీద నాకే రోతపుట్టి వెళ్ళాను."

ఆమెను అలా తయారుచేసింది ఎవరు? ప్రతి శనివారం రాత్రి భోజనాల దగ్గర మేడలు కట్టింది ఎవరు? ఆ మేడలో కిటికీలకు ఏ రంగు పరదాలో ఆమెను అడిగింది ఎవరు? ఏడుపొచ్చింది. ఏడ్చాను, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చూస్తున్నా సరే.

ఎనిమిదిన్నరకు ఎదురుగా టైర్ల కొట్లో టీవీ పెట్టారు. రోడ్డుకు ఇవతల నుంచే చూశాం. ఆమె నా మోచెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. ఒక్కొక్క నెంబరూ మాది కానప్పుడల్లా ఇద్దరం ఊపిరి వదులుతున్నాం. ఆరూ అయ్యాయి. ఒక్కటీ మాది కాదు. ఆమె గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాను. టైర్ల కొట్టువాడు మాకేదో పెద్ద మొత్తం తగిలిందనుకుని బయటికొచ్చి చూశాడు.

"ఇంటికి పద" అంది. పెట్టె రేపు తెచ్చుకోవచ్చంది.

జూలై 23, బుధవారం

ఇంట్లో మనిషి ఉంది. రాయడానికి తీరిక లేదు.

జూలై 25, శుక్రవారం

రేపు ఇద్దరం తలుపేసుకుని ఇంట్లోనే కూర్చోవాలని ఒప్పందం. ఏడున్నర దాకా నన్ను ఆమె కాయాలి, ఆమెను నేను కాయాలి. దొంగకు దొంగ కాపలా అంది. ఆమె నోట మళ్ళీ జోకులొస్తున్నాయి.

జూలై 26, శనివారం

ఆరున్నరకే ఇద్దరం ఇంట్లో ఉన్నాం. గడియ వేసింది నేనే. ఏడుంపావుకు నేను లేచి కుళాయి దగ్గరకెళ్తే "ఎక్కడికి?" అంది. ఏడూ ఇరవైకి ఆమె లేచి గిన్నె తీయబోతే "ఎక్కడికి?" అన్నాను. ఏడున్నర దాటింది. నేను చప్పట్లు కొట్టాను. "అయిపోయింది, గెలిచాం" అన్నాను. ఆమె నవ్వింది.

ఇక ఆ గంట మొదలైంది. నా కాలు మామూలుగానే వణకడం మొదలెట్టింది. లేచాను, కూర్చున్నాను, నీళ్ళు తాగాను, మళ్ళీ తాగాను. ఆమె మంచం మీద కూర్చుని తాపీగా కాలిగోళ్ళు తీసుకుంటోంది. కూనిరాగం తీస్తోంది. గోరు చిన్నదైందా అని కాలు చాపి చూసుకుంటోంది. పోయిన వారం రుమాలు చింపుకున్న మనిషి.

చేతిలో ఏమీ లేకుండా ఆ గంటలో అంత నిశ్చింతగా ఎవరూ ఉండలేరు. నాకంటే ఎవరికి తెలుసు? ఆ రాగం, ఆ తీరిక, ఇవన్నీ టికెట్టున్న మనిషివి. కౌంటరు వారమంతా తెరిచే ఉంటుంది. సోమవారం కొనొచ్చు, మంగళవారం కొనొచ్చు. చివరి పావుగంట తప్ప మిగతా వారాన్ని నేనెప్పుడూ చూసిన పాపాన పోలేదు.

ఏ రోజు కొన్నావని అడగాలి. నోటిదాకా వచ్చింది. అడిగితే దాచదు, చెప్పేస్తుంది. చెబితే మళ్ళీ పెట్టె సర్దాలి, ఈసారి సర్దుకోవాల్సింది ఎవరో కూడా తెలీదు.

ఇవి సాకులు. అసలు సంగతి ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను. ఆమె దగ్గర టికెట్టుందని తెలిసిన మరుక్షణం నా కాలు వణకడం ఆగిపోయింది. గుండె నిమ్మళించింది. ఎన్ని వారాల తరవాతో హాయిగా గోడకు చేరబడ్డాను.

అడగలేదు. ఎనిమిదిన్నరకు నేనే టీవీ పెట్టాను. కాస్త జరుగు అని ఆమె పక్కన కూర్చున్నాను.